ఎర్ర గోడల నడుమ బొమ్మల సంత

సెప్టెంబరు చివర్లో దక్షిణ యూటాలోని ఎస్కలాంటే అనే ఊళ్లో చిత్రకారుల పండుగ జరుగుతుంది. ఊరి జనాభా ఎనిమిది వందలు, కొంచెం అటూ ఇటూ. చుట్టూ ఎడారి, ఆ ఎడారిని అడ్డదిడ్డంగా కోసుకుంటూ పోయిన రాతి లోయలు. పండుగకి ముందు రంగుల పెట్టెలు భుజాన వేసుకుని చిత్రకారులు దిగుతారు. ఆ లోయల అంచుల్లోనే నిలబడి బొమ్మలు వేస్తారు. వారాంతానికి అవన్నీ గోడకెక్కుతాయి, నచ్చినవాళ్లు కొనుక్కుపోతారు.

మా అక్క జమ్మలమడుగు దగ్గర బళ్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. ఫీనిక్స్‌లో మా ఇంటికి వచ్చింది. గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్లి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "రాళ్లు చూసినాం లేరా. ఈ రాళ్లని బొమ్మ ఎట్ల వేస్తారో అది చూపించు" అంది. గండికోట అంచున పిల్లల్ని కూర్చోబెట్టి పెన్నా లోయ బొమ్మలు వేయించిన మనిషి. ఆమెకి ఆ అనుమానం రావడంలో వింతేం లేదు. దాంతో ఎస్కలాంటే పండుగ రోజులు చూసుకుని బయల్దేరాం.

బుధవారం

ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ దాకా అంతా ఎక్కుడే. నిలువెత్తు కాక్టస్‌లు వెనకబడతాయి, పైన్ చెట్లు మొదలవుతాయి. ఫ్లాగ్‌స్టాఫ్ దాటి ఉత్తరానికి దిగితే చెట్టన్నదే లేదు. అక్కడి నుంచి నవాహో నేషన్, అంటే నవాహో ఆదివాసీల సొంత ప్రాంతం. రోడ్డు పక్కన చెక్క బల్లలు వేసుకుని వెండి నగలు, పూసల దండలు అమ్మేవాళ్లు కనిపిస్తూ ఉంటారు.

భోజనానికి కామెరన్‌లో ఆగాం. లిటిల్ కొలరాడో నది మీద 1911లో కట్టిన వేలాడే వంతెన పక్కన, 1916 నుంచి ఉన్న ట్రేడింగ్ పోస్టు ఇది. అప్పట్లో నవాహో, హోపీ జనం ఉన్ని, దుప్పట్లు తెచ్చి పిండీ చక్కెరా పట్టుకెళ్లేవారు. ఇప్పుడు లోపల పెద్ద దుకాణం, గ్యాలరీ, హోటలు. వేయించిన రొట్టె మీద చిక్కుళ్లు, చీజు, పచ్చి కూరగాయలు పరిచి ఇస్తారు, దాన్ని నవాహో టాకో అంటారు. మాంసం లేకుండా ఇమ్మంటే ఇచ్చారు. ఒకటి తీసుకుంటే ఇద్దరికి ఎక్కువైంది.

అక్క తిండి కన్నా గోడలకి వేలాడదీసిన నవాహో రగ్గుల దగ్గరే ఎక్కువసేపు ఉంది. అమ్మే అమ్మాయిని అడిగి ఒక రగ్గు మూల పైకెత్తి వెనక వైపు చూసింది. వెనకా ముందూ ఒకేలా ఉంది, ముడి గానీ వేలాడే దారం గానీ లేదు. "ఇది నేసిందా, గీసిందా?" అని తనలో తనే అనుకుంది. నిలువు మగ్గం మీద, ముందు కాగితం మీద గీసుకోకుండా, డిజైను మనసులో పెట్టుకుని నేసే అలవాటు వీళ్లది. టూ గ్రే హిల్స్ రకంలో రంగు అద్దకం దాదాపు ఉండదు. గొర్రె ఉన్నిలో సహజంగా ఉండే తెలుపు, బూడిద, గోధుమ రంగులే కలిపి వాడతారు, నలుపుకి మాత్రం ఒక్కోసారి రంగు వేస్తారు. గనాడో రకంలో ఎరుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది. కొన్ని రగ్గుల్లో అంచు పట్టీని చీల్చుకుంటూ లోపలి నుంచి బయటికి ఒక సన్నటి గీత పోతుంది. నేసినామె మనసు ఆ చట్రంలో చిక్కుకుపోకుండా వదిలిన దారట అది. ధర చీటీ చూసి అక్క రగ్గు మూల మెల్లగా కిందికి దించేసింది.

ఇక్కడ టైముతో ఒక తిరకాసు ఉంది. అరిజోనాలో ఎండాకాలం గడియారం మార్చరు. నవాహో నేషన్‌లో మారుస్తారు. యూటాలోనూ మారుస్తారు. మధ్యలో ఉన్న పేజ్ ఊరు అరిజోనా లెక్కనే పోతుంది. ఫోను ఏ టవరు పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది కాబట్టి, దార్లో బుకింగులు ఏవైనా పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పేజ్ దగ్గర గ్లెన్ కాన్యన్ డ్యామ్. 1963లో గేట్లు మూసి నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ నీటి కింద మునిగిన పక్కలోయల్లో ఒకదాని గురించి శనివారం మళ్లీ చెప్తాను. చీకటి పడేలోపు కనాబ్ చేరి పడుకున్నాం. 1924 నుంచి కౌబాయ్ సినిమాలు తీసిన ఊరు కాబట్టి దీన్ని లిటిల్ హాలీవుడ్ అంటారు. వీధి పొడుగునా ఆ పాత నటుల ఫొటోలూ ఫలకాలూ. మా ఇద్దరికీ వాళ్లలో ఎవరూ తెలియదు, త్వరగానే దాటేశాం.

గురువారం

కనాబ్ నుంచి ఉత్తరానికి అరగంట పోతే మౌంట్ కార్మెల్. ఊరు అనడానికి కొన్ని ఇళ్లు, పచ్చిక బీళ్లు, కాటన్‌వుడ్ చెట్లు. మేనార్డ్ డిక్సన్, ఆయన భార్య ఎడిత్ హామ్లిన్ 1939లో కట్టుకున్న దుంగల ఇల్లు ఇక్కడే ఉంది. ఇద్దరూ చిత్రకారులే. డిక్సన్ 1875లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరు తెచ్చుకున్నాడు. 1906 భూకంపం తర్వాత రేగిన మంటల్లో ఆయన స్టూడియో కాలిపోయి అప్పటిదాకా వేసినదంతా చాలావరకు పోయింది. చివరి రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో చలికాలం టూసన్‌లో, ఎండాకాలం ఇక్కడ గడిపాడు. 1946లో పోయాడు. బూడిద తెచ్చి ఈ ఇంటి వెనక గుట్ట మీదే ఉంచారు.

ఆయన బొమ్మల్లో భూమి చాలాసార్లు కింద సన్నటి పట్టీలా ఉంటుంది, మిగతాదంతా మబ్బులూ ఆకాశమూ. లేదంటే ఒక కొండ, దాని నీడ, అంతే. రాయి మీది పగుళ్లన్నీ వేయడు. పొదలన్నీ వేయడు. ఈ ప్రాంతం గీసిన తొలితరం వాళ్లు అలా కాదు. 1873లో, కొలరాడో నదిని శోధించిన జాన్ వెస్లీ పావెల్ సర్వే బృందంతో వచ్చిన థామస్ మోరాన్ లోయలనీ మబ్బులనీ వాననీ ఒకే కాన్వాసులో నింపాడు. కొలరాడో లోయ మీద ఆయన వేసిన పెద్ద బొమ్మని అమెరికా కాంగ్రెసు పదివేల డాలర్లు పెట్టి కొంది. అది గొప్ప బొమ్మే, కాదనను. కానీ నాకు డిక్సనే దగ్గరగా అనిపిస్తాడు.

డిక్సన్ గురించి ఇంకో సంగతి ఉంది. 1933-34 చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరెట్ రూయెస్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన బొమ్మలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. డిక్సన్‌కి అప్పటి భార్య, ఫొటోగ్రాఫర్ డొరోతియా లాంగ్, ఆ కుర్రాడి ఫొటోలు కూడా తీసింది. డిక్సన్ నలుపూ తెలుపూ కాగితం ముక్కలు తీసి ఆ బొమ్మల మీద అక్కడక్కడా పెట్టి చూపించాడట. ఇది తీసేస్తే ఏం పోతుంది, ఇది ఉంచితే ఏం పెరుగుతుంది అని. అనవసరమైనదాన్ని గుర్తుపట్టి తీసేసే ధైర్యం నేర్పాడని, తనకి అంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేదని ఆ కుర్రాడు ఉత్తరంలో రాసుకున్నాడు. మేం పోతున్న ఎస్కలాంటే పండుగని మొదట్లో ఆ కుర్రాడి పేరుతోనే ఎవరెట్ రూయెస్ డేస్ అనేవారు.

ఇది కారులో అక్కకి చెప్తే కాసేపు ఊరుకుని, "మేము పిల్లలకి ఏమేం వేయాలో చెప్పినాం రా. ఏది ఇడిసిపెట్టాలో ఎప్పుడూ చెప్పలే" అంది.

మౌంట్ కార్మెల్ నుంచి పడమరకి తిరిగితే జయన్ నేషనల్ పార్కు తూర్పు ద్వారం. గీతలు గీసినట్టున్న తెల్ల కొండ పక్కగా పోయి, 1930లో పూర్తయిన సొరంగంలో దూరతాం. పొడవు 1.1 మైళ్లు. దీపాల్లేవు. మధ్యమధ్యలో గోడకి కిటికీల్లా కన్నాలు తొలిచారు, ఎర్ర లోయ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. బయటికి రాగానే రోడ్డు మెలికలు తిరుగుతూ లోయ అడుగుకి దిగుతుంది. అక్క ముందు సీటు పట్టుకుని కళ్లు మూసుకుంది, అడుగున వర్జిన్ నది కనబడేదాకా తెరవలేదు.

ఈ లోయ సంగతి బయటి లోకానికి తెలియడంలో ఒక చిత్రకారుడి పాత్ర పెద్దది. ఫ్రెడరిక్ డెలెన్‌బా పావెల్ రెండో యాత్రకి కుర్రతనంలోనే వెళ్లినవాడు. 1903లో ఇక్కడికి వచ్చి బొమ్మలు వేశాడు. మరుసటి ఏడాది సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో వాటిని పెడితే ఇలాంటి చోటు నిజంగా ఉందంటే చాలామంది నమ్మలేదంటారు. 1909లో ప్రభుత్వం దీన్ని ముకుంటువీప్ అని పయూట్ ఆదివాసీలు పిలిచిన పేరుతో రక్షిత ప్రాంతం చేసింది, 1919లో జయన్ నేషనల్ పార్కు అయింది. ఇప్పటికీ ఏటా నవంబరులో కొందరు చిత్రకారుల్ని పిలిచి వారం పాటు లోయలో బొమ్మలు వేయిస్తారు. జనం ఎదురుగానే వేస్తారు. ఆ బొమ్మల్ని పార్కులోని హ్యూమన్ హిస్టరీ మ్యూజియంలో పెట్టి అమ్ముతారు, వచ్చిన డబ్బులో కొంత పార్కు పనులకి పోతుంది. సెప్టెంబరులో వెళ్లాం కాబట్టి మాకు మ్యూజియం మాత్రమే దక్కింది.

పార్కు గుమ్మంలోనే స్ప్రింగ్‌డేల్. ఒకటే వీధి. హోటళ్ల మధ్య గ్యాలరీలు, ఎర్ర కొండల గోడకి ఆనుకుని రెండు వేల మంది దాకా కూర్చునే ఓపెన్ ఎయిర్ థియేటర్. ఊళ్లోవాళ్ల కళల సంఘం కమ్యూనిటీ సెంటర్లో కచేరీలు, సాహిత్య సమావేశాలు పెడుతుంటుంది. గ్యాలరీల మీద నా మాట చెప్పాలంటే, సగం సరుకు టూరిస్టు కోసమే. మెరిసే లోహపు పలకల మీద అచ్చువేసిన ఫొటోలు, ఎరుపు మీద ఎరుపు పెంచి పెంచి చివరికి బత్తాయి రసం రంగుకి తెచ్చినవి. బయటికొచ్చి నిజం కొండని చూస్తే వెలిసిపోయినట్టు కనబడుతుంది. ఒక గ్యాలరీలో మాత్రం ఒక మూల మట్టి పాత్రలు ఉన్నాయి, ఇక్కడి రాళ్ల పొరల్లాగా రంగుల్ని వరసగా ఆనించి చేసినవి. వాటి దగ్గర అక్క చాలాసేపు నిలబడింది.

శుక్రవారం

పొద్దున్నే బయల్దేరి 89వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి పోయి 12వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. 124 మైళ్ల ఈ రోడ్డుని 2002లో దేశంలోని మేటి దారుల జాబితాలో చేర్చారు. బ్రైస్ కాన్యన్ దగ్గర ఓ గంట ఆగి, ఎర్ర స్తంభాలు చూసి కదిలాం. చెప్పడానికి చాలామంది చెప్పారు కాబట్టి నేను చెప్పను. ఆ తర్వాత హెన్రీవిల్ దాటాక వచ్చే బ్లూస్ అనే చోటు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతవరకూ ఉన్న ఎరుపంతా ఒక్కసారి పోయి, బూడిదా నీలమూ కలిసిన మట్టి గుట్టలు. గడ్డి పరక లేదు. కారు ఆపిస్తే అక్క పెన్సిలు తీసింది. "ఇది పెన్సిలుకి పనికొచ్చే కొండ" అంది.

మధ్యాహ్నానికి ఎస్కలాంటే. 12వ నంబరు రోడ్డే మెయిన్ స్ట్రీట్. పాత ఎర్ర ఇటుక ఇళ్లు, ట్రాక్టర్లు, ఒకటో రెండో కాఫీ దుకాణాలు. నెలల ముందే మోటెల్ బుక్ చేసుకున్నాం గానీ, కౌంటర్లో మా పేరు కనబడలేదు. అక్క ముందే టెన్షన్ పడిపోయింది. చివరికి ఫోనులో రసీదు చూపిస్తే గది ఇచ్చారు. దొరక్కపోతే పడుకోవడానికి పక్కనే ఇంకో ఊరు లేదు.

ఊరు పండుగ ఏర్పాట్లలో ఉంది. పార్కులో టెంట్లు వేస్తున్నారు. హాల్లో చిత్రకారులు తమ బొమ్మలు తెచ్చి అప్పగిస్తున్నారు. ఇలాంటి పోటీల్లో మోసం జరక్కుండా ఒక పద్ధతి ఉంది. మొదటిరోజే ఖాళీ కాన్వాసు తెచ్చి వెనక ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేనిదాన్ని పోటీలో తీసుకోరు. ఇంట్లో ఫొటో చూసి వేసుకొచ్చిన బొమ్మకి అలా దారి మూస్తారు. ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుంది కదా, కాబట్టి చెక్కపెట్టెల్లో పలకలు ఒకదానికొకటి తగలకుండా గాళ్లలో దోపి తెస్తారు. తడిబొమ్మకే ఫ్రేము బిగించేస్తారు. ఒకాయన ఫ్రేము బిగిస్తుంటే బొటనవేలు ఆకాశానికి తగిలింది. జేబులోంచి బ్రష్ తీసి వేలిముద్రని మబ్బు చేసేశాడు.

శనివారం

తెల్లవారకముందే లేచి, ఊరికి తూర్పున హెడ్ ఆఫ్ ద రాక్స్ అనే మలుపు దగ్గరికి పోయాం. అక్కడ రోడ్డు అంచున నిలబడితే కనుచూపు మేర తెల్లటి, గులాబి రంగు నున్నటి రాయి. పద్దెనిమిది కోట్ల ఏళ్లకి పైబడిన ఇసుక తిన్నెలు, గట్టిపడి రాయైనవి. ఇనుప తుప్పు ఉన్నచోట ఎరుపు, నీళ్లు ఆ ఇనుమును కడిగేసిన చోట తెలుపు. బొమ్మ నిలబెట్టుకునే ఈజిల్ వేసుకుని అప్పటికే ఓ నలుగురు ఉన్నారు. ఒకామె, అరవై దాటి ఉంటాయి, చూసుకోండి పరవాలేదు అని పిలిచింది.

ఈజిల్ కాళ్ల మధ్య సంచిలో రాళ్లు వేసి వేలాడదీసింది. లేకపోతే గాలికి మొత్తం లోయలోకి పోతుందట. పలక చిన్నది, నోటుబుక్కంత. దానికి ముందే పలచగా ఎర్రమట్టి రంగు పూసి ఉంది. సూర్యుడు వచ్చాడు. ఆమె రంగు జోలికి పోలేదు. కళ్లు సగం మూసి, గుడ్డకి టర్పెంటైన్ అద్ది, నీడలు ఎక్కడున్నాయో అవి మాత్రం గబగబా గీసేసింది. కాసేపటికి అసలు నీడలు జరిగిపోయాయి. ఆమె బొమ్మలో నీడలు మాత్రం జరగలేదు. "వాటి వెంట పరిగెత్తితే మధ్యాహ్నానికి నా బొమ్మలో నాలుగు సూర్యుళ్లు ఉంటాయి" అంది నవ్వుతూ.

అక్క అడగమంటే నేను అడిగాను, నీడలో నలుపు ఎందుకు వేయలేదని. ఆమె పక్కకి జరిగి మమ్మల్ని తన చోట నిలబెట్టింది. వేలు చాపి చూపించింది. నీడలో ఉన్న గోడ పైభాగం ఆకాశం వల్ల నీలం. కింది భాగం మాత్రం నారింజ, ఎదుటి గోడ మీద పడ్డ ఎండ తిరిగొచ్చి దీనికి తగులుతోంది కాబట్టి. ఒక్క నీడలోనే రెండు రంగులు, మధ్యలో ఊదా. చూపించేదాకా మాకు కనబడలేదు, చూపించాక అదొక్కటే కనబడింది. ముప్పై ఏళ్లు పెన్సిలుతో నీడలు దిద్దించిన మా అక్క, "గండికోటలో కూడా ఇట్లనే ఉంటుందా? నేనెందుకు చూడలే?" అని రెండుసార్లు అడిగింది నన్ను. నేనేం చెప్తాను!

ఎండ ఎక్కేసరికి రాయి రంగు ఎగిరిపోయి తెల్లగా పాలిపోయింది. చిత్రకారులు సామాను సర్దేశారు. వీళ్లకి పని ఉండేది పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మధ్యలో వాళ్లంతా ఊళ్లోకి వస్తారు, మేమూ వచ్చాం.

పార్కులో సంత నిండింది. తోలు పని, వెండి, కుండలు, గుర్రపు నాడాలతో చేసిన బొమ్మలు, ఇంట్లో చేసిన జాములు. ఒక టెంటులో లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి అచ్చు వేయడం పిల్లలకి నేర్పుతున్నారు. ఎవరెట్ రూయెస్ చేసింది కూడా ఇదే పని. అక్క పిల్లల మధ్య కూర్చుని ఒక రాతి కమాను చెక్కింది. చెయ్యి ఉలికి అడ్డం రాకుండా ఎప్పుడూ బయటికే తోయాలి. రోలరుతో సిరా సాఫీగా పరుచుకునేదాకా దొర్లించాలి, అప్పుడు సన్నగా చిటపటమనే చప్పుడొస్తుంది. కాగితం వేసి చెంచా వెనక వైపుతో రుద్దాలి. కమాను తిరగేసి వచ్చింది. పక్కన కూర్చున్న ఏడేళ్ల పిల్ల మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని ఎంతో బాగుందని మెచ్చుకుంది.

ఎవరెట్ కథ ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. 1934 నవంబరులో, ఇరవయ్యేళ్ల వయసులో, రెండు గాడిదలతో ఇక్కడికి వచ్చాడు. ఊరి పిల్లలతో కలిసి తిరిగాడు, వెళ్లేముందు వాళ్లని సినిమాకి తీసుకెళ్లాడు. ఆగ్నేయంగా హోల్ ఇన్ ద రాక్ బాట పట్టి వెళ్లాడు. దారిలో ఇద్దరు గొర్రెల కాపరులు చూశారు. తర్వాత ఎవరూ చూడలేదు. మరుసటి ఏడాది డేవిస్ గల్చ్ అనే లోయలో గాడిదలు దొరికాయి. ఒక చోట రాతి మీద 'నెమో 1934' అని చెక్కి ఉంది. బుధవారం చెప్పిన డ్యామ్ నీళ్లు ఆ లోయ కింది భాగాన్ని ముంచేశాయి. 2008లో దొరికిన ఎముకలు అతనివేనని 2009లో డీఎన్ఏ పరీక్ష చెప్పింది, తర్వాత ఇంకో పరీక్ష కాదని తేల్చింది. నా ఉద్దేశంలో కనబడకుండా పోవడం అతని గురించి అన్నిటికన్నా చిన్న సంగతి. అతని లినో అచ్చులు చూడండి. నలుపూ తెలుపూ రెండే. డిక్సన్ పెట్టిన కాగితం ముక్కలు అక్కడే ఉన్నట్టుంటాయి.

'పై' అనే తీపి వంటకం ముక్కల కోసం క్యూలో నిలబడితే ముందు కౌబాయ్ టోపీ పెట్టుకున్న పశువుల రైతు, వెనక ఇళ్లలాంటి వ్యాన్లలో బతికే కుర్ర జంట. ఈ ఊరికి ఇది మామూలు సంగతి కాదు. 1996లో అధ్యక్షుడు క్లింటన్ ఈ చుట్టుపక్కల భూమిని నేషనల్ మాన్యుమెంటుగా, అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు, అదీ యూటాకి రాకుండా అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడి. బొగ్గు తవ్వకం ఆగింది, మేపుకునే బీళ్ల మీద భయం మొదలైంది, ఇక్కడివాళ్లు మండిపడ్డారు. 2017లో ట్రంప్ దాదాపు సగానికి తగ్గించాడు, 2021లో బైడెన్ మళ్లీ పెంచాడు. ఊళ్లో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయని ఒక ముసలాయన చెప్పాడు. మా తాత పేరున్న బీడుని ఎవరో చక్కగా బొమ్మ వేస్తే కోపమొస్తుందా, కొనుక్కోవాలనిపిస్తుందా అని నన్నే అడిగాడు. ఆయన అంతకుముందే ఒకటి కొన్నాడు, కారు డిక్కీలో ఉంది.

ఇక ప్రదర్శన. హాలు నిండా బొమ్మలు, ఒక్కోదాని కింద చీటీ మీద పేరు, ధర. తడి ఉన్నాయి ముట్టుకోకండి అని బోర్డు. మనకి నచ్చినదాని నెంబరు రాసి డబ్బాలో వేయమన్నారు. నేను ఒక పెద్ద బొమ్మ దగ్గర ఆగాను. లోయ మొత్తం, పిడుగు మబ్బు, అడుగున నది, ఎండిన చెట్టు, ఎగిరే గద్ద. అన్నీ బాగా వేశాడు. 'పై' ముక్కలు తిన్న రెండు పేపరు ప్లేట్లు అక్క చేతిలోనే ఉన్నాయి. తగలకుండా దూరంగా పట్టుకుని ఒకటి మబ్బుకి, ఒకటి చెట్టుకీ గద్దకీ అడ్డం పెట్టింది. "ఇప్పుడు చూడబ్బీ." ఎండ పడ్డ గోడ ఒక్కటీ మిగిలింది. అది మాత్రం అద్భుతంగా ఉంది.

ఆమె వోటు వేసింది పొద్దున మేం చూసిన చిన్న పలకకి. కాదు, నిజానికి వేయలేదు. దాని పక్కదానికి వేసింది. ఎవరో వేసిన గడ్డివాము కొట్టం గోడ, చెక్కల మధ్య సందుల్లోంచి వచ్చిన ఎండ చారలు, పైన కొద్దిగా ఎర్ర కొండ. "రాయి ఇంతే ఉంది కదక్కా" అంటే, "ఆ ఇంతలోనే అంతా ఉంది" అంది. రెండింటికీ బహుమతి రాలేదు. నా పెద్ద బొమ్మకీ రాలేదు.

ఆదివారం

ఎస్కలాంటే నుంచి బౌల్డర్ పోయే రోడ్డు మీద కాఫ్ క్రీక్. జలపాతం 126 అడుగులు, పోను రాను ఆరు మైళ్లు ఇసుకలో నడక. అక్క సగం దూరం వచ్చి చాలంది. సగానికి ముందే మేం చూడాల్సింది వచ్చేసింది. వాగు అవతల నిలువు గోడ మీద ఎర్ర రంగుతో వేసిన మూడు మనిషి రూపాలు, చేతులు చేతులు కలుపుకుని. పూర్వం ఇక్కడ బతికిన ఫ్రీమాంట్ జనం వేసినవి. భుజాలు వెడల్పు, నడుములు సన్నం. బైనాక్యులర్ లేకపోతే సరిగా కనబడవు. ముట్టుకోకూడదు, దగ్గరికి పోకూడదు, చేతి నూనె తగిలితే రంగు పోతుంది.

బౌల్డర్ ఇంకా చిన్న ఊరు. దేశంలో కంచరగాడిదల మీద ఉత్తరాలు వచ్చిన చివరి ఊళ్లలో ఇదొకటి. మ్యూజియంలో ఎనిమిది వందల ఏళ్లకి పైబడిన పల్లె పునాదులు, అక్కడ తవ్వితే దొరికిన కుండలు ఉన్నాయి. తెల్ల మట్టి మీద నల్ల గీతలు. బుధవారం చూసిన రగ్గుల్లోని మెట్ల డిజైను వీటిలోనూ ఉందని అక్క పట్టుకుంది. నిజమే, ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. ఎస్కలాంటేలో గది కనీసం నాలుగు నెలల ముందు చూసుకోండి, రసీదు ప్రింటు తీసి పెట్టుకోండి. పెట్రోలు కనబడ్డ ప్రతిచోటా పోయించండి. ఫోను సిగ్నల్ ఊరు దాటితే ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శాకాహారులకి పిజ్జా, బీన్స్, బంగాళాదుంప తప్ప పెద్దగా ఏం దొరకదు. మేం పులిహోర, చపాతీలు, ఆవకాయ పట్టుకెళ్లి బతికిపోయాం. వాన సూచన ఉంటే సన్నటి లోయల్లోకి దిగొద్దు, ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో వరదై వస్తుంది. సెప్టెంబరు కుదరకపోతే అక్టోబరులో సెయింట్ జార్జ్ పక్కన ఐవిన్స్‌లోని కయెంటా కళాగ్రామంలో పండుగ ఉంటుంది, నవంబరులో జయన్‌ది సరే సరి. బొమ్మ కొనాలనుకుంటే శనివారం సాయంత్రం దాకా ఆగకండి. గడ్డివాము కొట్టం బొమ్మ కోసం అక్క నాచేత డబ్బులు తీయించి కౌంటరుకి పంపేసరికి, దాని చీటీ మీద ఎవరో ఎర్ర చుక్క అంటించేశారు.